మా బాబాయి బల్ల మీద పెర్సీ స్పెన్సర్

మా బాబాయి రిపేరు బల్ల మీద రెండు నల్లటి రింగు మాగ్నెట్లు ఉంటాయి. విప్పిన స్క్రూలు దొర్లిపోకుండా వాటికి అంటించి పెడతాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే నా ఆట వస్తువులు అవే. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయని మాత్రం మొన్న ఎండాకాలం సెలవుల దాకా నేను అడగలేదు. పాడైపోయిన మైక్రోవేవ్ ఓవెన్లలోంచి తీసినవట. ఓవెన్‌లో మాగ్నెట్ ఎందుకు అంటే మాగ్నెట్రాన్‌లో ఉంటుంది అన్నాడు. మాగ్నెట్రాన్ అంటే ఏంటి అని అడిగితే, ఇంజినీరింగ్ చదివేది నువ్వా నేనా అన్నట్టు ఒక చూపు చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ చూపు వల్లే ఈ వ్యాసం. నాది మొత్తం ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ సీనియర్లు సర్దుకోవాలి.

బాబాయికి హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర చిన్న మల్గీ ఉంది. గోడకి మూడు వరసల రేకు అరలు. ఒక అరలో ఫ్రిజ్ సామాను: కంప్రెసర్ రిలేలు, ఓవర్‌లోడ్‌లు, థర్మోస్టాట్‌లు, డీఫ్రాస్ట్ టైమర్లు, చుట్ట చుట్టి పెట్టిన డోర్ గ్యాస్కెట్లు. ఇంకో అరలో ఓవెన్ సామాను: డోర్ స్విచ్‌లు, ఫ్యూజులు, గాజు ప్లేటుని తిప్పే చిన్న మోటార్లు, కెపాసిటర్లు, డయోడ్‌లు, మైకా షీట్లు. బాబాయి చదివింది ఏడో తరగతి వరకే. నా మొదటి లాప్‌టాప్ ఆయన కొనిచ్చిందే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఫస్ట్ ఇయర్‌లో క్లాసులో అందరం లేచి మన గురించి చెప్పుకున్నాం కదా, ఇంట్లో ఎవరేం చేస్తారో కూడా. అప్పుడు నేను మా బాబాయిది ఎలక్ట్రానిక్స్ బిజినెస్ అని చెప్పాను. మెకానిక్ అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అది అబద్ధం కాదు అని అప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను.

సెలవుల్లో ఒక రోజు కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ తన ఓవెన్‌ని ఆటోలో వేసుకుని వచ్చింది. లైటు వెలుగుతోంది, ప్లేటు తిరుగుతోంది, కానీ కూర వేడెక్కట్లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఈ మోడల్‌కి పార్ట్ రాదు, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నారట. ఆ నెల ఆవిడ దగ్గర కొత్తదానికి డబ్బులు లేవు. బాబాయి ప్లగ్ పీకి, వెనక కవర్ విప్పి, ముందు కెపాసిటర్‌ని డిస్‌చార్జ్ చేశాడు. నన్ను దూరంగా నిలబడమన్నాడు. ప్లగ్ తీసేసినా దాంట్లో మనిషిని చంపేంత కరెంటు ఉండొచ్చు. (చదివేవాళ్లకి కూడా అదే మాట. యూట్యూబ్ చూసి ఓవెన్ విప్పొద్దు.) తర్వాత మల్టీమీటర్‌తో ఫ్యూజ్ చూశాడు, డయోడ్ చూశాడు, చివరికి మాగ్నెట్రాన్ టెర్మినల్‌కీ దాని బాడీకీ మధ్య చూశాడు. అక్కడ అసలు కలవకూడదు. కలిసింది. మాగ్నెట్రాన్ పోయింది అన్నాడు.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి కోఠి వెళ్లాం. గుజరాతీ గల్లీలో నాలుగైదు షాపులు తిరిగాం. బాబాయి పాత మాగ్నెట్రాన్‌ని సంచిలోంచి తీసి కౌంటర్ మీద పెడతాడు, షాపతను లోపలికెళ్లి అలాంటిదే ఇంకోటి తెస్తాడు. కంపెనీ పేరు వేరే. బాబాయి పేరు చూడలేదు. వాట్లు చూశాడు, బోల్టు రంధ్రాలు ఒకే చోట ఉన్నాయా చూశాడు, కనెక్టర్ ఏ వైపు తిరిగి ఉందో చూశాడు. మూడో షాపులో సరిపోయింది. సాయంత్రానికి ఆవిడ ఓవెన్‌లో గ్లాసుడు నీళ్లు మరిగాయి.

ఎక్కడో ఏదో కంపెనీ చేసిన వస్తువు, ఇంకో కంపెనీ ఓవెన్‌లో అలా ఎలా కూర్చుంది? దీన్ని మొదట ఇలా ఎవరు చేశారు? ఆ రాత్రి వెతుకుతుంటే పెర్సీ స్పెన్సర్ దొరికాడు.

పెర్సీ లెబారన్ స్పెన్సర్ 1894 జులైలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో హౌలాండ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అడవులు, కలప మిల్లులు, కాగితం మిల్లులు ఉండే ప్రాంతం అది. పిల్లాడికి ఏడాదిన్నర వయసప్పుడు తండ్రి చనిపోయాడు. తల్లి అతన్ని బంధువుల ఇంట్లో వదిలేసి వెళ్లిపోయింది. పెంచిన మావయ్య కూడా అతనికి ఏడేళ్లప్పుడు పోయాడు. ఇక మిగిలింది పెంచిన అత్తయ్య ఒక్కతే. పన్నెండేళ్లకి బడి మానేసి దారపు కండెలు చేసే మిల్లులో పనికి చేరాడు. పొద్దు పొడవక ముందు వెళ్తే పొద్దు గూకాక తిరిగొచ్చేవాడు.

పదహారేళ్లు వచ్చేసరికి దగ్గర్లోని ఒక కాగితం మిల్లు కరెంటు పెట్టించుకోబోతోందని తెలిసింది. ఆ కాలంలో ఆ పల్లెల్లో కరెంటు గురించి తెలిసినవాళ్లు దాదాపు లేరు. స్పెన్సర్‌కీ తెలీదు. దొరికినంత వరకు చదివి, చూసి, ఆ పనికి వెళ్లాడు. తీసుకున్న ముగ్గురిలో ఒకడయ్యాడు. వైర్లు లాగుతూ, తప్పులు చేస్తూ, సరిదిద్దుకుంటూ అక్కడే ఎలక్ట్రీషియన్ అయ్యాడు. ఇది చదువుతుంటే బాబాయి మొదట్లో ఒక ఫ్రిజ్ మెకానిక్ దగ్గర టీ తెచ్చే పిల్లాడిగా చేరిన సంగతి గుర్తొచ్చింది.

1912లో టైటానిక్ మునిగిపోయింది. ఆ ఓడలోని వైర్‌లెస్ ఆపరేటర్లు చివరి దాకా సందేశాలు పంపిన వార్త విని స్పెన్సర్‌కి వైర్‌లెస్ మీద మనసు పడింది. అది నేర్చుకోవాలంటే అతనికున్న దారి నౌకాదళం ఒక్కటే. పద్దెనిమిదేళ్లకి అందులో చేరాడు. అక్కడ రాత్రి కాపలా డ్యూటీలో నిలబడి పుస్తకాలు చదివేవాడు. రేడియో పుస్తకాలతో మొదలుపెట్టి, అవి అర్థం కావాలంటే ట్రిగొనామెట్రీ కావాలని అది చదివాడు. తర్వాత కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, లోహశాస్త్రం. ఒకదానికి ఇంకోటి అవసరమై అలా వరసగా.

ఇక్కడ కాస్త ఆగుతాను. రీల్స్‌లో స్పెన్సర్ కథ మీకు వచ్చే ఉంటుంది. బడి మానేసినవాడు మైక్రోవేవ్ కనిపెట్టాడు, కాబట్టి డిగ్రీతో పని లేదు అని ముగిస్తారు. నాకు ఒక బ్యాక్‌లాగ్ ఉంది. అందుకే ఆ రీల్ నాకు బాగా నచ్చింది కూడా. కానీ అతని జీవితం వివరంగా చదివాక ఆ మాట తప్పనిపించింది. అతనికి బడి దొరకలేదు, అంతే. చదువుని మాత్రం వదల్లేదు. మనం సెమిస్టర్ ముందు రోజు ఇంపార్టెంట్ క్వశ్చన్లు చూసి వదిలేసే కాలిక్యులస్‌ని, అతను రాత్రి డ్యూటీలో, చెప్పేవాడు లేకుండా, ఏ పరీక్షా లేకుండా చదువుకున్నాడు.

నౌకాదళం తర్వాత కొన్నాళ్లు రేడియో సామాన్ల పనిచేసి, 1920ల మధ్యలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక కొత్త చిన్న కంపెనీలో చేరాడు. అదే తర్వాత రేథియాన్ అయింది. ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. 1922లో ఆ కంపెనీ పెట్టిందే ఫ్రిజ్ చేయడానికి! కదిలే భాగాలే లేని ఒక కొత్త రకం ఫ్రిజ్ చేయాలనుకున్నారు. అది కుదర్లేదు. దాంతో రేడియో ట్యూబుల వైపు మళ్లారు. అప్పటిదాకా ఇళ్లలో రేడియోలు పెద్ద పెద్ద బ్యాటరీలతో నడిచేవి. గోడ ప్లగ్గులోని కరెంటుతో రేడియో నడిచేలా చేసే ట్యూబు వీళ్లు చేశారు, అది బాగా అమ్ముడుపోయింది. ఆ ట్యూబుకి పెట్టిన పేరే తర్వాత కంపెనీ పేరైంది. అలా ఫ్రిజ్ చేయలేకపోయిన కంపెనీలో స్పెన్సర్ ట్యూబులు చేస్తూ పెరిగాడు. 1930ల చివరికి ట్యూబుల డిజైన్‌లో అతను పేరున్న నిపుణుడు.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటన్ మీద జర్మన్ విమానాలు బాంబులు వేస్తున్నాయి. వాటిని దూరం నుంచే పట్టుకోవాలంటే రాడార్ కావాలి. విమానంలో పట్టేంత చిన్న రాడార్ కావాలంటే చాలా చిన్న తరంగాలు, అవి కూడా మంచి పవర్‌తో కావాలి. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ రాండాల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు అలాంటి తరంగాల్ని పుట్టించే కావిటీ మాగ్నెట్రాన్‌ని చేశారు. దాన్ని పెద్ద సంఖ్యలో తయారుచేసే తీరిక, ఫ్యాక్టరీలు బ్రిటన్‌కి లేవు. ఆ సెప్టెంబర్‌లో టిజార్డ్ మిషన్ అనే బృందం దాన్ని రహస్యంగా అమెరికాకి తీసుకెళ్లి చూపించింది.

ఇంతకీ అది ఎలా పనిచేస్తుందో నాకర్థమైనంతలో చెప్తాను. మధ్యలో ఒక ఫిలమెంట్ ఉంటుంది. అది వేడెక్కి ఎలక్ట్రాన్లని వదులుతుంది. చుట్టూ గుండ్రటి రాగి దిమ్మె. రెండింటి మధ్య వేల వోల్టులు పెడితే ఎలక్ట్రాన్లు నేరుగా రాగి వైపు పరిగెత్తాలి. కానీ పైనా కిందా మాగ్నెట్లు ఉంటాయి (మా బాబాయి బల్ల మీద ఉన్నవి అవే). అవి ఎలక్ట్రాన్ల దారిని వంచేస్తాయి. దాంతో అవి గుండ్రంగా తిరుగుతాయి. రాగి దిమ్మెలో చుట్టూ చిన్న చిన్న గదులు తొలిచి ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఆ గదుల ముందు నుంచి దూసుకుపోతుంటే, ఖాళీ సీసా మూతి మీద గాలి ఊదితే శబ్దం వచ్చినట్టు, ఆ గదుల్లో మైక్రోవేవ్‌లు పుడతాయి. సీసా సైజుని బట్టి శబ్దం మారినట్టే, గది సైజుని బట్టి ఫ్రీక్వెన్సీ మారుతుంది.

సమస్య అంతా అక్కడే. గదుల కొలత రవ్వంత తేడా వచ్చినా ఆ మాగ్నెట్రాన్ పనికిరాదు. గట్టి రాగి దిమ్మెని తెచ్చి, చేయి తిరిగిన పనివాడు జాగ్రత్తగా తొలవాలి. అంటే ప్రతి మాగ్నెట్రాన్ ఒక నగ లాంటిది. నగలతో యుద్ధం గెలవలేం కదా. రోజుకి 17 తయారైతే గొప్ప.

స్పెన్సర్ ఆ డిజైన్ చూశాడు. వారాంతానికి ఇంటికి తీసుకెళ్లి ఆలోచించాడని చెప్తారు. మంచి పనివాళ్లని ఇంకా ఎక్కడ వెతకాలి అని మిగతావాళ్లు తలపట్టుకుంటుంటే, అసలు దిమ్మెని తొలవడం దేనికి అన్నది అతని ఆలోచన. పలచని రాగి రేకు తీసుకుని, గదుల ఆకారం వచ్చేలా ప్రెస్‌లో ఒక్క దెబ్బతో కొయ్యాలి. బిస్కెట్లు కోసినట్టు. అలాంటి రేకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో వెండి టంకం రేకులు పెట్టి, కన్వేయర్ బెల్టు మీద కొలిమిలోకి పంపితే అన్నీ కరిగి అతుక్కుని ఒకే దిమ్మె అయిపోతాయి. ప్రెస్ అచ్చు ఒకటి సరిగ్గా ఉంటే చాలు, వెయ్యో రేకు కూడా మొదటి రేకులాగే ఉంటుంది. అప్పటిదాకా చేతి నైపుణ్యంలో ఉన్న కొలత అచ్చులోకి వెళ్లిపోయింది.

ఈ పద్ధతితో, ఇంకొన్ని మార్పులతో రేథియాన్ రోజుకి 2,600 మాగ్నెట్రాన్ల దాకా చేసింది. 17 ఎక్కడ, 2,600 ఎక్కడ. యుద్ధం ముగిసేసరికి రాడార్ల మాగ్నెట్రాన్లలో ఎక్కువ భాగం ఈ కంపెనీవే. విమానాల్లోంచి సముద్రంలో తేలిన సబ్‌మెరీన్లని పట్టుకోవడం వీటివల్ల సాధ్యమైంది. అమెరికా నౌకాదళం పౌరులకి ఇచ్చే డిస్టింగ్విష్డ్ పబ్లిక్ సర్వీస్ అవార్డు స్పెన్సర్‌కి ఇచ్చింది. ఒకప్పుడు రాత్రి కాపలాలో పుస్తకం పట్టుకున్న సిపాయికి అదే నౌకాదళం ఇచ్చిన గౌరవం అది.

ఇప్పుడు అందరికీ తెలిసిన చాక్లెట్ కథ. 1945లో ఒక రోజు నడుస్తున్న మాగ్నెట్రాన్ ముందు నిలబడి ఉండగా, జేబులోని చాక్లెట్ కరిగిపోయింది. వేరుశనగ పలుకులున్న చాక్లెట్, ఉడతలకి పెట్టడానికి జేబులో ఉంచుకునేవాడని వాళ్లింట్లో చెప్పుకునేవారట. ఆ వేడిని అంతకుముందు గమనించినవాళ్లు ఇంకా ఉన్నారు. అయ్యో అని తుడుచుకుని వెళ్లిపోయారంతే. ఇతను మొక్కజొన్న గింజలు తెప్పించి మాగ్నెట్రాన్ దగ్గర పెట్టాడు, అవి టపటపా పేలాలయ్యాయి. తర్వాత గుడ్డు పెడితే అది పేలి చూస్తున్నవాడి మొహం మీద పడింది. (హాస్టల్‌లో మనవాళ్లు కూడా ఈ ప్రయోగం చేశారు, పేర్లు చెప్పను.) తరంగాలు బయటికి పోకుండా ఇనప పెట్టెలోకి వాటిని పంపితే, లోపలున్న తిండి త్వరగా వేడెక్కుతుందని తేల్చాడు. ఆహారంలోని నీటి అణువులు ఆ తరంగాలతో పాటు అటూ ఇటూ తిరగడానికి ప్రయత్నిస్తూ వేడి పుట్టిస్తాయి. 1945 అక్టోబర్ 8న పేటెంట్‌కి అప్లై చేశారు. 1950 జనవరిలో వచ్చింది.

1947లో మొదటి ఓవెన్ అమ్మకానికి వచ్చింది. పేరు రాడారేంజ్. దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు. లోపలి మాగ్నెట్రాన్ చల్లబడటానికి నీళ్ల పైపు కలపాలి. హోటళ్లు, ఓడలు తప్ప ఎవరూ కొనలేదు. 1955లో టాపన్ కంపెనీ ఇంట్లో వాడే మోడల్ తెచ్చింది, ధర 1,295 డాలర్లు. అదీ పెద్దగా పోలేదు. ఆ తర్వాత జపాన్‌లో మాగ్నెట్రాన్‌ని ఇంకా చిన్నగా, చవగ్గా చేయడం మొదలుపెట్టారు. 1965లో రేథియాన్ అమానా అనే కంపెనీని కొనేసింది. అమానా ఏం చేసేదో తెలుసా? ఫ్రిజ్‌లు. నలభై ఏళ్ల కిందట ఫ్రిజ్ చేయలేకపోయిన కంపెనీ, తన ఓవెన్‌ని ఇళ్లలోకి పంపడానికి ఫ్రిజ్ కంపెనీని కొనుక్కుంది! 1967లో అమానా పేరుతో వంటింటి గట్టు మీద పెట్టుకునే రాడారేంజ్ వచ్చింది, ధర 495 డాలర్లు. అప్పుడు ఓవెన్ నిజంగా ఇళ్లలోకి వచ్చింది.

స్పెన్సర్ రేథియాన్‌లో సీనియర్ వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు, డైరెక్టర్ల బోర్డులో కూర్చున్నాడు. వందకి పైగా పేటెంట్లు. మసాచుసెట్స్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. బడి పూర్తి చేయనివాడు డాక్టర్ స్పెన్సర్ అయ్యాడు. మైక్రోవేవ్ ఓవెన్ మీద మాత్రం రాయల్టీ ఏమీ రాలేదు. కంపెనీలో ఎవరు ఏం కనిపెట్టినా ఇచ్చే మామూలు బహుమానం ఇచ్చారు. రెండు డాలర్లు. 1970 సెప్టెంబర్‌లో చనిపోయాడు. గట్టు మీద పెట్టుకునే ఓవెన్ వచ్చి అప్పటికి మూడేళ్లు. 1999లో అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు చేర్చారు.

రాడారేంజ్ వెళ్లిన దారిలోనే మన సీఎస్ఈ వాళ్లకి ఇంకో చుట్టరికం ఉంది. ఇంట్లో ఓవెన్ తరంగాల ఫ్రీక్వెన్సీ 2,450 మెగాహెర్ట్జ్. మన వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా అక్కడే ఉంటుంది. పిన్ని వంటింట్లో ఓవెన్ వేస్తే నా వీడియో కాల్ ఆగిపోయేది. నేను నెట్‌వర్క్ వాళ్లని తిట్టుకునేవాణ్ణి. లేయర్లు, ప్రోటోకాల్స్ అన్నీ బట్టీ పట్టినా, పక్క గదిలో పెట్టెలోంచి వచ్చే తరంగం దాన్ని చెడగొడుతోందని నాకు తట్టలేదు.

ఇవన్నీ ఒక సాయంత్రం మల్గీలో బాబాయికి చెప్పాను. చాక్లెట్ కథకి నవ్వాడు కానీ పెద్దగా పట్టించుకోలేదు. 17 నుంచి 2,600 అన్నప్పుడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. కాసేపాగి, ఆ రేకుల్ని దేంతో అతికించారు అని అడిగాడు. వెండి టంకం అన్నాను. తలూపాడు. లేచి ఒక డబ్బాలోంచి సన్నటి కడ్డీ తీసి చూపించాడు. ఫ్రిజ్ కంప్రెసర్ ఇనప పైపుకి రాగి పైపు అతకాలంటే వాడే సిల్వర్ రాడ్ అది. సరిగ్గా పారితే గ్యాస్ లీకవ్వదు, ఏళ్ల తరబడి ఉంటుంది అన్నాడు. అంతసేపూ నేను నెట్‌లో చదివింది ఆయనకి ఒక్క ప్రశ్నలో అందింది. నాకు ఆ ప్రశ్న రానే రాలేదు.

అప్పుడు నాకు స్పెన్సర్ గొప్పతనం ఎక్కడుందో తెలిసింది. చాక్లెట్ ఎవరి జేబులోనైనా కరగొచ్చు. ఒక మనిషి చేతిలోనే ఉండే పనితనాన్ని, కోఠిలో కౌంటర్ మీద అడిగితే దొరికే పార్ట్‌గా మార్చడం అందరివల్లా కాదు. స్పేర్ పార్ట్ అనే మాట మనకి చాలా చిన్నగా వినిపిస్తుంది. దాని వెనక ఎవరో కూర్చుని, ఇది పోతే దీని బదులు ఇంకోటి సరిగ్గా ఇక్కడే కూర్చోవాలి అని ఆలోచించి ఉండాలి. రంధ్రాలు ఒకే చోట, కొలతలు ఒకేలా. ఆ ఆలోచన ఉంది కాబట్టే ఆ కర్రీ పాయింట్ ఆవిడ ఓవెన్ బతికింది, ఒకే ఒక్క వస్తువు మార్చితే. లేకపోతే మొత్తం పెట్టె చెత్తలోకి పోయేది.

బాబాయికి మాత్రం ఒక దిగులు ఉంది. ఈమధ్య వచ్చే ఫ్రిజ్‌లలో రిలే, టైమర్ లాంటివి విడివిడిగా ఉండట్లేదట. అన్నీ కలిపి ఒకే బోర్డు. దాంట్లో చిన్న భాగం పోయినా మొత్తం బోర్డు మార్చాలి. బోర్డు ధర వింటే కస్టమర్ కొత్త ఫ్రిజ్ వైపు చూస్తాడు. కొన్ని బోర్డులు అసలు బయట దొరకవు. అందుకని బాబాయి ఈ వయసులో బోర్డు రిపేర్ నేర్చుకుంటున్నాడు. రాత్రి మల్గీ షట్టర్ సగం దించి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, పాత బోర్డు మీద ఐసీలు పీకి మళ్లీ అతికిస్తాడు. డేటాషీట్‌లో ఇంగ్లీష్ అర్థం కాకపోతే నాకు ఫొటో పంపుతాడు. మొన్న ఒకటి పంపితే నాకూ అర్థం కాలేదు. ఇంగ్లీష్ అర్థమైంది, సర్క్యూట్ అర్థం కాలేదు. ఆ బ్యాక్‌లాగ్ సబ్జెక్ట్ సరిగ్గా అదే. ఇప్పుడు దాన్ని మొదటి యూనిట్ నుంచి చదువుతున్నాను, బాబాయి పంపిన ఫొటోలు పక్కన పెట్టుకుని.

రేపు మనం రాసే కోడ్ కూడా ఇలాంటి బోర్డుల్లోకే వెళ్తుంది. అది పాడైతే ఎవరో ఒక మెకానిక్ దాన్ని విప్పుతాడు. ఏది పోయిందో అతనికి తెలిసేలా ఒక ఎర్రర్ కోడ్ ఇస్తామా, ఒక్క ముక్క మార్చితే బాగయ్యేలా పెడతామా, లేక మొత్తం పారేయాల్సిందే అనేలా చేస్తామా అన్నది అప్పుడు మన చేతిలో కొంచెమైనా ఉంటుంది. గుర్తుంటే బాగుండు అని నాకు నేనే రాసుకుంటున్నాను.

సెలవులు అయిపోయి బయల్దేరే రోజు బాబాయి ఆ కర్రీ పాయింట్ ఓవెన్‌లోంచి తీసిన పాత మాగ్నెట్రాన్‌ని తెచ్చాడు. పింగాణీ భాగం పగలకూడదని చెప్పి, జాగ్రత్తగా రేకు వంచి రెండు రింగు మాగ్నెట్లు బయటికి తీశాడు. ఒకటి తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఇంకోటి నా బ్యాగులో వేశాడు. ఇప్పుడది హాస్టల్‌లో నా టేబుల్ మీద ఉంది, గుండుసూదులు పట్టుకుని. రూమ్‌కి వచ్చిన ప్రతివాడూ ఇదేంట్రా అని అడుగుతాడు. అడిగినవాడికి స్పెన్సర్ దగ్గర మొదలుపెట్టి చెప్తున్నాను.

ఫస్ట్ ఇయర్‌లో నా ఇంట్రడక్షన్ విన్న క్లాస్‌మేట్స్ ఇది చదువుతుంటే, ఆ రోజు చెప్పిన మాట ఇప్పుడు మార్చుకుంటున్నాను. మా బాబాయి మెకానిక్. ఫ్రిజ్‌లు, ఓవెన్లు బాగు చేస్తాడు.